హాస్యనటుడు తన సినిమాలో తానే ప్రధాన పాత్ర వేయాలా?

నేల టికెట్టు:
కమెడియన్ కథ రాసుకుని మెగాఫోన్ పట్టిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. నా మటుకు, మొదటి సినిమాలో ప్రధాన పాత్ర జోలికి వెళ్లకూడదు. తనికెళ్ల భరణి గారు ‘మిథునం’ (2012)ని బాలు గారికీ లక్ష్మి గారికీ అప్పజెప్పి కెమెరా వెనకే ఉన్నారు. వేణు యెల్దండి ‘బలగం’ (2023)లో చిన్న పాత్ర వేసి, బరువు ప్రియదర్శి మీద పెట్టాడు. దర్శకుడే నటిస్తూ, సీను మధ్యలో ఎదుటివాళ్ల నటనను బేరీజు వేయడం మొదలుపెడితే తన పాత్ర చేజారుతుంది. ఎదుటివాళ్ల డైలాగుకి తన పెదాలు కదులుతాయి. క్లోజప్‌లో అది దాగదు.

మూవియోలా:
దానికి మందుందండి. హాలీవుడ్ కమెడియన్ జెర్రీ లూయిస్ 1960లో ‘ది బెల్‌బాయ్’ రాసి, తీసి, నటించినప్పుడు ఫిల్ము కెమెరాకి తోడు వీడియో కెమెరా వాడి టేకు అవగానే చూసుకున్నాడు. ఇప్పుడు మానిటర్ లేని సెట్టే లేదు, పద్ధతి తెలియాలంతే. ముందు తన చోట డూప్‌ని నిలబెట్టి లైటింగ్, కెమెరా కదలిక, ఫోకస్ మార్కులు తేల్చుకోవాలి. తను లేని షాట్లు ఒక విడత, తనున్నవి ఇంకో విడత. ఆ రెండో విడతలో ‘కట్’ చెప్పేది కో-డైరెక్టరే. ప్రతి టేకూ చూస్తానంటే కుదరదు: 20 షాట్లు, మూడేసి టేకులు, టేకు నిమిషం అనుకున్నా చూడ్డానికే గంట పోతుంది. కో-డైరెక్టర్ ఓకే చేసినది మాత్రమే చూడాలి.

క్లాప్‌బోర్డు:
మూవియోలా గారూ, చిక్కంతా ఆ ‘ఓకే’ దగ్గరే ఉంది. జీతమిచ్చే దర్శకుడి మొహం మీద ‘నవ్వు రాలేదు సార్’ అనే కో-డైరెక్టర్ ఎంతమంది? యూనిట్ నవ్వుని అసలు నమ్మకూడదు. స్క్రిప్టు దశ నుంచీ కాదనే చనువున్న రచయిత ఒకరు మానిటర్ దగ్గర కూర్చోవాలి.

తనే తీసి, తనే నటించిన చాప్లిన్ సంగతి వేరు. ‘సిటీ లైట్స్’ (1931)లో పూలమ్మే అంధురాలు అతన్ని ధనవంతుడనుకోవాలి. ఎందుకనుకుంటుందో తేలక ఆ సీను మళ్లీ మళ్లీ తీశాడు. చివరికి కారు తలుపు చప్పుడు దొరికింది: అది విని అతను కారు దిగాడనుకుంటుంది. స్టూడియో తనదే కాబట్టి ఆగగలిగాడు. అదే కాలపు మరో మూకీ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ 1928లో ఎమ్‌జీఎమ్ అనే పెద్ద స్టూడియోలో చేరాక ఆ స్వేచ్ఛ పోయింది, సినిమాల స్థాయీ పడిపోయింది. నటించడం వల్ల కాదు, పగ్గాలు చేతిలో లేక.

నేల టికెట్టు:
సెట్ గండం గట్టెక్కినా ఎడిటింగ్ ఉందిగా. డైలాగు తర్వాత ఎదుటి మొహానికి ఎప్పుడు కట్ చేస్తామన్న దాన్నిబట్టి నవ్వు వస్తుంది. సెకనుకి 24 ఫ్రేములు, ఆరు ఫ్రేములు అటూఇటూ అయితే పావు సెకను తేడా. దానికే జోకు చచ్చిపోతుంది. నటుడే దర్శకుడైతే తన క్లోజప్ మీద ఆ ఆరూ ఎక్కువ ఉంచుతాడు. అవతలివాడి రియాక్షనే నవ్వించేదని ఒప్పుకోడానికి మనసొప్పదు.

మూవియోలా:
అందుకే మొదటి కూర్పు ఎడిటర్‌ ఒక్కడే చేయాలి. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్న మాస్టర్ షాట్ పూర్తిగా తీసుంచుకుంటే, కట్ చేయకుండా అసలు టైమింగ్ వాడుకునే వీలుంటుంది. హాలు నిండా జనానికి వేసి చూపించాలి. నవ్వులో తర్వాతి డైలాగు మునిగిపోతే అక్కడ కాస్త ఖాళీ పెంచాలి. లాప్‌టాప్‌లో చూస్తే ఇది తెలియదు.

కాల్‌షీట్:
మీరంతా సినిమా గురించే మాట్లాడుతున్నారు, కెరీర్ మాటేమిటి? కమెడియన్ ఒకేసారి నాలుగైదు సినిమాలకి రోజుల లెక్కన డేట్లిస్తాడు. దర్శకత్వానికి దిగితే కథ నుంచి రిలీజు దాకా ఏడాది సులువుగా పోతుంది. ఆ ఖాళీలో ఆ వేషాలు వేరేవాళ్లకి వెళ్తాయి. వెన్నెల కిశోర్ ‘వెన్నెల 1½’ (2012), ‘జఫ్ఫా’ (2013) తీసి తిరిగి నటనలో స్థిరపడ్డాడు. ఎమ్మెస్ నారాయణ గారు 2004లో ‘కొడుకు’ తీసినా జనం గుర్తుంచుకున్నది ఆయన వేషాలే. ప్రధాన పాత్రా తనే వేస్తే, సినిమా పోయినప్పుడు రాసినవాడు, తీసినవాడు, నటించినవాడు ముగ్గురూ ఒకేసారి దెబ్బతింటారు.

క్లాప్‌బోర్డు:
అవసరాల శ్రీనివాస్ దారి మంచిది. ‘ఊహలు గుసగుసలాడే’ (2014)లో హీరోగా నాగశౌర్యని పెట్టి, బలమైన రెండో పాత్ర తను వేశాడు. తను లేని సీన్లు మానిటర్ ముందు కూర్చుని తీసుకోవచ్చు, నటుడిగా జనం కళ్ల ముందూ ఉండొచ్చు. మొదటి సినిమాకి నేనైతే దీనికే ఓటేస్తాను.

నేల టికెట్టు:
రెండో పాత్రకి అభ్యంతరం లేదు. కానీ ఆ పాత్ర సీన్లు షెడ్యూలు మొదటి వారంలో పెట్టకూడదు. యూనిట్ కుదురుకున్నాకే దర్శకుడు మేకప్ వేసుకోవాలి.