అమ్మానాన్నతో లీమా నుంచి లాపాజ్ దాకా బస్సులో వెళ్ళొచ్చా?

డల్లాస్ సుబ్బు:
అందరికీ నమస్కారం. జూన్‌లో నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న కలిసి పెరూ, బొలీవియా వెళ్దామనుకుంటున్నాం. అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వచ్చి కొన్నాళ్ళు మా దగ్గరుండి, ఈ ట్రిప్ అవగానే అటు నుంచి అటే ఇండియా వెళ్ళిపోతారు. ఇద్దరికీ అరవై దాటింది, నాన్న బీపీ మాత్రలు వేసుకుంటారు, కానీ నడకలో నాకంటే చురుకు. విమానంలో ఊరు నుంచి ఊరికి ఎగిరితే దేశం చూసినట్టు కాదు, మధ్యలో పొలాలూ కొండలూ కనపడాలి, బస్సే కావాలని ఆయన పట్టు. లీమా నుంచి కుస్కోకి నేరుగా బస్సు ఉంది, 20 గంటల పైనే చూపిస్తోంది. పెద్దవాళ్ళు అంతసేపు కూర్చోగలరా? ఊళ్ళలో ఏం చూడాలి? శాకాహారం దొరుకుతుందా? స్పానిష్ మాకెవరికీ రాదు.

కొండదారి:
సుబ్బు గారూ, బస్సు మంచి ఆలోచనే, కానీ లీమా–కుస్కో నేరుగా మాత్రం వద్దండి. కూర్చోవడం సమస్య కాదు, ఎత్తు సమస్య. లీమా సముద్రం ఒడ్డున ఉంది, కుస్కో 3,400 మీటర్లు, మధ్యలో ఆ దారి 4 వేల మీటర్లు దాటి పోతుంది, అదీ రాత్రి, మలుపులతో. అరవై దాటినవాళ్ళకే కాదు, కుర్రాళ్ళకీ తల పగిలిపోతుంది, వాంతులవుతాయి. అదే దూరాన్ని ముక్కలు చేసుకోండి. లీమా నుంచి పరాకాస్ నాలుగు గంటలు, అక్కడ పడవలో బయ్యేస్తాస్ దీవుల పక్షుల్ని చూసి, తర్వాత రాత్రి బస్సులో అరెకీపా. అది 2,335 మీటర్లు, ఊపిరికి అలవాటు పడటానికి సరిగ్గా సరిపోయే ఎత్తు, అక్కడ రెండు మూడు రాత్రులు ఉండాల్సిందే. అక్కడి నుంచి కుస్కో ఇంకో రాత్రి. కుస్కోలో దిగగానే అక్కడ ఆగకుండా టాక్సీలో కిందికి, పవిత్ర లోయలోని ఒయ్యాంతాయ్‌తాంబోకి వెళ్ళి పడుకోండి, అది 2,800 మీటర్లే. మాచుపిచ్చు రైలు కూడా అక్కడి నుంచే ఎక్కొచ్చు. కుస్కో తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు.

ఇక కుస్కో నుంచి తితికాకా సరస్సు ఒడ్డునున్న పూనోకి పగటి టూరిస్టు బస్సులో వెళ్ళండి. ఆందవాయ్లీయాస్ చర్చి, రక్చి గుడి శిథిలాలు, 4,335 మీటర్ల లా రాయా కనుమ దగ్గర ఆపుతూ పోతుంది, నాన్నగారు అడిగే పొలాలూ కొండలూ అన్నీ ఆ దారిలోనే. బీపీ ఉంది కాబట్టి బయల్దేరేముందు డాక్టర్‌తో ఎత్తు గురించి తప్పకుండా మాట్లాడండి, మాత్ర ఏదైనా కావాలంటే ఆయనే చెబుతారు.

నారాయణగూడ అక్క:
ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. పెరూ, బొలీవియా రెండూ ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళకి టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. మీ అమ్మానాన్న నేరుగా వస్తున్నారు కాబట్టి ఇది వాళ్ళకి తప్పదు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్ళ విషయంలో ఈ టీకాకి జాగ్రత్తలున్నాయి, ముందు డాక్టర్‌కి చూపించండి, చివరి వారం దాకా ఉంచకండి. అమెరికా వీసా చేతిలో కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే పెరూకి వేరే వీసా అక్కర్లేదు. బొలీవియా సంగతి కాన్సులేట్‌లో కనుక్కోండి.

లాపాజ్ లవర్:
ఊళ్ళ గురించి నేను చెబుతా అన్నా. లీమాలో మిరాఫ్లోరెస్‌లో ఉండండి, ఊరి మధ్యలో ఉవాకా పుక్యానా అనే మట్టి ఇటుకల పిరమిడ్ ఉంది, సాయంత్రం సముద్రం గట్టు మీద నడవొచ్చు. అరెకీపాలో 1579లో కట్టిన సాంతా కతలీనా మఠం చూడకుండా రావద్దు, అది మఠం కాదు, లోపల వీధులున్న చిన్న ఊరు. ఎర్రగోడలూ నీలిగోడలూ, నాకు పెరూ మొత్తంలో బాగా నచ్చిన చోటు అదే.

పూనో నుంచి లాపాజ్‌కి కోపకబానా మీదుగా వెళ్ళే బస్సే తీసుకోండి. తితికాకా సరస్సు ఇరుకయ్యే తికీనా జలసంధి దగ్గర మనల్ని దింపి చిన్న పడవలో దాటిస్తారు, బస్సు వేరే చెక్క తెప్ప మీద వస్తుంది, అమ్మానాన్నకి ఎంత సరదాగా ఉంటుందో! లాపాజ్‌లో నడవకండి, అన్నీ ఎత్తుపల్లాలే. 2014లో మొదలైన "మీ తెలెఫెరికో" అనే రోప్‌వే ఎక్కితే ఊరంతా పైనుంచి కనిపిస్తుంది, అది జనం రోజూ ఆఫీసులకి వెళ్ళే రవాణా కాబట్టి టికెట్ చాలా చవక. ఎర్ర లైన్‌లో గురువారమో ఆదివారమో పైనున్న "ఎల్ ఆల్తో" అనే ఊరికి వెళ్తే పెద్ద సంత ఉంటుంది.

తిండికి భయం లేదు. "సిన్ కార్నె, సిన్ పోయో" అంటే మాంసం, కోడి వద్దని. కినోవా సూప్, ఉడికించిన మొక్కజొన్న, బంగాళాదుంపలు అంతటా దొరుకుతాయి. కోకా ఆకు టీ అక్కడ తాగండి, ప్యాకెట్లు మాత్రం అమెరికాకి తేవద్దు, అమెరికాలో నిషేధం.

డల్లాస్ సుబ్బు:
ఎంత వివరంగా రాశారండీ, థాంక్యూ. నాన్నకి చదివి వినిపించా, అరెకీపా దారి ఖాయం. టీకా కోసం రేపే ఫోన్ చేస్తా. రాత్రి బస్సులో ఏ సీటు తీసుకోవాలి? జూన్‌లో చలి ఎలా ఉంటుంది?

కొండదారి:
"సెమీ కామా" వద్దు, "కామా" తీసుకోండి, 160 డిగ్రీలు వాలుతుంది. రెండంతస్తుల బస్సుల్లో అవి ఎక్కువగా కింద ఉంటాయి, మెట్లు ఎక్కే పని తగ్గుతుంది, ఊపు కూడా తక్కువ. పాస్‌పోర్టులున్న సంచి పైన అరలో పెట్టకండి, నిద్రలో కూడా ఒళ్ళోనే ఉండాలి. బస్‌స్టేషన్లలో బస్సు టికెట్ కాక ఇంకో చిన్న ఫీజు కట్టమంటారు, అది మోసం కాదు, చిల్లర ఉంచుకోండి. లీమాలో చాలా కంపెనీలకి ఎవరి స్టేషన్ వాళ్ళదే, టికెట్ మీద అడ్రస్ చూసుకుని టాక్సీ ఎక్కండి.

జూన్ అక్కడ చలికాలం, వానలుండవు గానీ పూనోలో రాత్రిపూట సున్నా కిందకి పోతుంది, స్వెటర్ ఒక్కటి సరిపోదు. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి పండగ, ఆ వారం వెళ్ళేట్టయితే గదులు ఇప్పుడే బుక్ చేయండి. పూనో వైపు అప్పుడప్పుడు రోడ్లు మూసేసి ధర్నాలు చేస్తారు, లాపాజ్ నుంచి వెనక్కి వచ్చే విమానానికి ముందు ఒకటి రెండు రోజులు ఖాళీగా వదలండి.