అమ్మ చేత చిక్కుడుకాయల ఈనెలు తీయించడం వైద్యమా?

సుజాత_కాకినాడ:
అమ్మకి 71 ఏళ్లు. సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఫిజియో వల్ల కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇప్పుడు వారానికి రెండుసార్లు, రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) అమ్మాయి ఇంటికొస్తోంది, విజిట్‌కి 800. జాకెట్టు వేసుకునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తీయాలి అని నేర్పింది. పట్టు దొరకడానికి స్పూను కాడకి గుడ్డ చుట్టించింది. మొన్న కుడిచేత్తో చిక్కుడుకాయ పట్టుకుని ఎడమచేత్తో ఈనె లాగమంది. సరిగ్గా అప్పుడే డాలస్ నుంచి అన్నయ్య వీడియో కాల్ చేశాడు. ఈ వయసులో అమ్మ చేత పని చేయిస్తారా, మాన్పించెయ్ అని కోప్పడ్డాడు. ఏం చేయమంటారు?

శ్రీను_వరంగల్:
మీ అన్నయ్య చెప్పిందే కరెక్టు. ఫిజియో ఉండగా ఇంకొకరెందుకు? ఈనెలు తీయించడానికి 800 ఇవ్వడం నాకు అర్థం కాదు.

ఓటీ_విశాఖ:
నేను ఈ పనే చేస్తాను కాబట్టి చెబుతున్నా. ఫిజియో వాళ్లు బలం, కదలిక తెస్తారు. ఉన్న బలంతో ఆవిడ తన స్నానం, తన బట్టలు, తన వంటిల్లు మళ్లీ ఎలా అందుకోవాలో మేం చూస్తాం, చెయ్యి పూర్తిగా రాకపోయినా సరే. 1997లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన ఒక అధ్యయనం వచ్చింది. సొంతంగా బతుకుతున్న, 60 దాటిన 361 మంది. కొందరికి 9 నెలలు ఈ థెరపీ, కొందరికి ఊరికే కలిసి కాలక్షేపం, మిగతావాళ్లకి ఏమీ లేదు. థెరపీ తీసుకున్నవాళ్లే బాగుపడ్డారు, కాలక్షేపం వాళ్లకి ఏమీ లేనివాళ్లకంటే లాభం కనపడలేదు.

రమణి:
మా అత్తగారికి బాత్రూమ్‌లో రాడ్డు బిగించి, స్టూలు వేశాక ఒక్కరే స్నానం చేస్తున్నారు. మాన్పించకండి.

శ్రీను_వరంగల్:
సొంతంగా బతుకుతున్నవాళ్లని మీరే రాశారు. పక్షవాతం వచ్చినవాళ్లకి అది ఎలా వర్తిస్తుంది? 800కి జవాబు రాలేదు.

ఓటీ_విశాఖ:
ఆ మాట నిజం. పక్షవాతం తర్వాతి థెరపీ మీద 2017లో కాక్రేన్ సమీక్ష ఉంది, కాక్రేన్ అంటే వైద్య అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ. 9 అధ్యయనాలు, 994 మంది. రోజువారీ పనుల్లో మెరుగు కనిపించింది, కానీ ఆధారాలు అంత గట్టివి కావని కూడా వాళ్లే రాశారు. రెండూ చెప్పడం నా ధర్మం.

శ్రీను_వరంగల్:
గట్టివి కానప్పుడు అన్ని డబ్బులెందుకు?

సుజాత_కాకినాడ:
శ్రీను గారూ, 800 అన్నయ్యే పంపుతున్నాడు, ఆయనకి లేని బాధ మీకెందుకు? రాత్రి రెండుసార్లు అమ్మని లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లేది నేను. నా నడుము పోయింది. నన్ను లేపడానికి మొహమాటపడి ఒకరోజు పక్క తడిపేసుకుంది, తెల్లారాక గోడవైపు తిరిగి పడుకుని మధ్యాహ్నం దాకా అన్నం ముట్టలేదు. ఆవిడకి కావాల్సింది కూర్చోబెట్టి చేసే సేవ కాదండీ.

శ్రీను_వరంగల్:
అమ్మా, నేను మాట్లాడింది డబ్బు గురించి కాదు. మా నాన్నకీ పక్షవాతమే. ఇంటికొచ్చిన థెరపిస్టు ఒకాయన, పక్కన ఉండొద్దు, ఆయన్నే చేసుకోనివ్వండి అన్నాడు. మూడో రోజు బాత్రూమ్‌లో పడ్డారు, లోపల గడియ. తలుపు పగలగొట్టేసరికి నాన్న తడి నేల మీద నా పేరు పిలుస్తూ ఉన్నారు. తుంటి విరిగింది, మళ్లీ లేవలేదు. నేను పక్కనుంటే పడేవారు కాదు. ఎవరైనా సొంతంగా చేసుకోనివ్వండి అంటే నాకు ఆ తలుపే కనపడుతుంది.

ఓటీ_విశాఖ:
శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది. బాత్రూమ్ చూడకుండా, రాడ్డు పెట్టించకుండా, మీ ముందు పదిసార్లు చేయించి చూడకుండా ఆ మాట అనకూడదు. తప్పు మీది కాదు.

సుజాత_కాకినాడ:
సారీ అన్నా, తెలియక విసురుగా అన్నాను. మా ఇంట్లో రాడ్డు ఇంకా పెట్టించలేదు, ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది కూడా. థెరపీ మాత్రం ఆపను. అన్నయ్యతో నేనే మాట్లాడతా.

శ్రీను_వరంగల్:
నా మనసైతే ఒప్పుకోవట్లేదు. రాడ్డు గోడలోకి దిగేలా బిగించమనండి, అతికించేవి వద్దు. లోపలి గడియ మాత్రం ఈ రోజే తీయించెయ్యమ్మా.