లోక్ అదాలత్‌లో రాజీ అయితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుందా?

ప్రశ్న
ప్రామిసరీ నోటు మీద సివిల్ కోర్టులో 5 లక్షల దావా నడుస్తోంది. ప్రతివాది రాజీకి దిగాడు. కట్టిన కోర్టు ఫీజు, బట్టా (సమన్లు, నోటీసులు పంపే ఖర్చు), వకాల్తా స్టాంపుల్లో ఏవి తిరిగొస్తాయి? ఆ డబ్బు కోర్టు ఖాతాలోనే ఉంటుందా? బయట కాగితం రాసుకుని దావా ఉపసంహరించుకుంటే సరిపోదా?

జవాబు 1
ఉపసంహరణ మెమో మాత్రం వేయకండి. ఫీజు పోయేది ఎక్కువగా అక్కడే. అదే రాజీని లోక్ అదాలత్‌లో అవార్డుగా (అక్కడి తీర్పుగా) రాయించుకోండి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 21 ప్రకారం, 1870 కోర్టు ఫీజుల చట్టంలో చెప్పిన పద్ధతిలో ఫీజు వాపసు ఇవ్వాలి. ఆ చట్టం సెక్షన్ 16 చెప్పేది పూర్తి మొత్తం, సగం కాదు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 89 కింద కోర్టు మధ్యవర్తిత్వానికి పంపి అక్కడ తెగినా ఇంతే.

అయితే సెక్షన్ 16 దావా మీద కట్టిన ఫీజు గురించే మాట్లాడుతుంది. బట్టా, వకాల్తా స్టాంపులు అందులోకి రావు.

సంతకాలు పెట్టేముందు అవార్డులో ఫీజు వాపసు వాక్యం ఉందో లేదో చదవండి. వాపసు ఎవరి పేరిట రావాలో ఆ పేరు దావాలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదని కూడా గుర్తుంచుకోండి.

జవాబు 2
డబ్బు కోర్టు దగ్గర ఉండదు. కోర్టు ఫీజు రాష్ట్ర సంచిత నిధికి జమవుతుంది. కోర్టులకు జీతాలు, భవనాలు, కాగితం అన్నీ బడ్జెట్ నుంచి విడిగా వస్తాయి. ఎక్కువ దావాలు పడ్డ కోర్టుకు ఎక్కువ నిధులేమీ రావు. వసూలుకూ న్యాయపాలన ఖర్చుకూ స్థూలంగా పొంతన ఉంటే చాలని, పైసాకు పైసా లెక్క అక్కర్లేదని సుప్రీంకోర్టు శ్రీరాములు కేసులో చెప్పింది.

అందుకే కౌంటర్లో నోట్లు లెక్కపెట్టి ఇవ్వరు. కోర్టు ఇచ్చేది సర్టిఫికెట్. దాని మీద సొమ్ము ఇవ్వాల్సింది కలెక్టరు. అవార్డు చేతికొచ్చింది కదా అని ఊరుకుంటే ఏమీ రాదు, సర్టిఫికెట్ కోసం అడగాలి. ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే ఆ రసీదు, స్టాంపులైతే దావా నకలు దగ్గర పెట్టుకోండి.

ప్రశ్నించినవారు
బయటి రాజీకీ ఫీజు ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు అన్నది కదా?

జవాబు 1
అన్నది. కానీ అది తమిళనాడు కోర్టు ఫీజుల చట్టం సెక్షన్ 69-ఎ మీద వచ్చిన తీర్పు. తెలుగు రాష్ట్రాల్లో కోర్టు ఫీజులకు అమలయ్యేది 1956 నాటి ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజుల చట్టం; లోక్ అదాలత్ వాపసుకు మాత్రం పైన చెప్పిన 1870 చట్టం పద్ధతే. ఆ తీర్పు చూపించి వాదించవచ్చు. లోక్ అదాలత్ దారి తెరిచి ఉండగా ఆ వాదన నెత్తికెత్తుకోవడం దండగ.

జవాబు 3
రాజీ బెడిసికొడితే సంగతి కూడా చూసుకోండి. గెలిస్తే ఖర్చులు సీపీసీ సెక్షన్ 35 కింద ప్రతివాది మీద పడతాయి, డిక్రీలో ఆ పట్టిక ఉంటుంది. అందులో కోర్టు ఫీజుతోపాటు నోటీసు, టైపింగ్, సాక్షుల ఖర్చు వేయించుకోవచ్చు; రసీదులు ఉండాలి. వకీలు ఫీజు మాత్రం నిబంధనల లెక్కలోనే వస్తుంది, మీరిచ్చినంత రాదు. ప్రతివాది వాదన అబద్ధమని తేలినా సెక్షన్ 35-ఎ పరిహారం 3,000 రూపాయలు దాటదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.