అప్‌డేట్: డాలస్‌కే సరే అన్నాను

అమెరికాలో మినియాపొలిస్‌లో ఒక ఉద్యోగం ఆఫర్, డాలస్‌లో ఒకటి, ఏది తీసుకోవాలని అడిగాను కదా. డాలస్ ఖాయం. చలికి జడిసి కాదు. మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో స్కైవేల (బిల్డింగులను కలిపే మూసిన వంతెన దారులు) మీదుగా కోటు లేకుండానే బిల్డింగులు మారొచ్చు. తేడా పన్నుది: మినెసోటాలో పై శ్లాబు 9.85 శాతం, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఆ మిగులంతా జేబులో ఉంటుందనుకోకండి, ఇల్లు కొంటే ప్రాపర్టీ టాక్స్ బాదేస్తుంది.

అసలు చూడాల్సింది నేల. డాలస్‌ది ఎక్కువగా బంకమట్టి, ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బుతుంది. పునాది కదిలితే తలుపుల మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. కొనేముందు ప్రతి తలుపూ వేసి తీసి చూడాలి, పట్టేస్తే అనుమానించాలి. వేసవిలో పునాదికి అడుగు, అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్లు ఊరే గొట్టం) పరిచి తడి ఆరకుండా చూసుకోవాలి. పునాదికి ఆనించి వేస్తే నీళ్లు కిందికి దిగి ఇంకో తంటా. మొదటి ఏడాది మాత్రం అద్దె ఇల్లే, వడగళ్లకు కారు సొట్టలు పడకుండా గరాజ్ ఉన్నది.