‘క్షీణించు’ అన్నిచోట్లా నప్పుతుందా?

ప్రశ్న: గైడ్ రాస్తున్న మనిషి
ఫోన్లు, కెమెరాల వాడకం గురించి తెలుగులో గైడ్ రాస్తున్నాను. ‘డిగ్రడేషన్’ అనాల్సిన ప్రతిచోటా ‘క్షీణించు’ అనే వాడాలని మా ఎడిటర్ పట్టు. బ్యాటరీ సామర్థ్యం క్షీణించింది అంటే సరే. ‘ఫొటో క్షీణించింది’, ‘కవర్ రంగు క్షీణించింది’ అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. పోనీ ‘దిగజారింది’ అందామంటే తిట్టినట్టుంది. ఏం చేయమంటారు?

జవాబు: పాత ప్రూఫ్‌రీడర్
మీ నవ్వు సబబే. క్షీణించడమంటే ఉన్నది లోలోపల కొంచెం కొంచెంగా తరిగిపోవడం. ఆరోగ్యం, బలం, ప్రాభవం, అడవులు అలా క్షీణిస్తాయి. బ్యాటరీ సామర్థ్యం కూడా మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసేకొద్దీ అలాగే తరుగుతుంది కాబట్టి అక్కడ అతికింది. దిగజారడానికి ముందు ఒక స్థాయి ఉండాలి. ప్రమాణాలు, విలువలు, శాంతిభద్రతలు దిగజారతాయి. మనిషిని అంటే మాత్రం తిట్టే, అనుమానం లేదు.

వస్తువుల దగ్గరికొస్తే మనకు దేని క్రియ దానికుంది. రంగు వెలుస్తుంది, బట్ట చివుకుతుంది, పిండి ముక్కిపోతుంది, కత్తి మొద్దుబారుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, చూపు మందగిస్తుంది. ఇన్ని ఉండగా అన్నిటి మీదా ‘క్షీణించు’ అని ఒకే ముద్ర గుద్దడం నాకు నచ్చదు. ఫొటోకి ‘మసకబారింది’ అనండి. జేపెగ్ (ఫొటోలు దాచే ఒక రకం ఫైలు)ని మార్చి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే పాడయ్యే సంగతైతే ‘స్పష్టత తగ్గింది’ చాలు.

ఇంకోటి, ‘నాసిరకం’ ఇక్కడ వాడకండి. అది మొదటినుంచీ తక్కువ రకం. మీరు చెప్పేది బాగున్నది తర్వాత పాడవడం.

జవాబు: లెక్కల మనిషి
ఆయన మాట నిజమే గానీ, గైడ్‌లో చోటుకో మాట వాడితే చదివేవాళ్లకి వెతుక్కోవడం కష్టం. శీర్షికల్లో ‘నాణ్యత తగ్గడం’ అని ఒకటే పెట్టి, లోపల మీ ఇష్టం. ‘తరుగుదల’ జోలికి మాత్రం వెళ్లొద్దు. మా లెక్కల్లో అది ఆస్తి విలువకు కట్టే పద్దు.

ప్రశ్న అడిగినవారు
శీర్షికల సలహా బాగుంది, ఎడిటర్ కూడా ఒప్పుకోవచ్చు. మరి ‘అధిక వేడి బ్యాటరీని క్షీణింపజేస్తుంది’ అన్న వాక్యం?

జవాబు: పాత ప్రూఫ్‌రీడర్
ఆ ‘జేస్తుంది’ తీసేయండి బాబూ. ఎండకు రంగు వెలిసింది అంటాం గానీ, ఎండ రంగును వెలియజేసింది అంటామా? కారణానికి ‘కి’ తగిలిస్తే పనైపోతుంది: ‘ఎక్కువ వేడికి బ్యాటరీ త్వరగా పాడవుతుంది.’ ‘త్వరగా’ వదిలేయకండి, వేడి తగలకపోయినా బ్యాటరీ ఎప్పటికైనా తరిగేదే.