అప్‌డేట్: మా తమ్ముడి హెపటైటిస్ సి కోర్సు పూర్తయింది

మత్తు ఇంజెక్షన్లు పూర్తిగా మానేస్తేనే హెపటైటిస్ సి మందులిస్తామని మా తమ్ముణ్ని వెనక్కి పంపేశారు, ఏం చేయాలి అని అప్పుడు అడిగాను కదా. మీరు చెప్పినట్టే వేరే డాక్టర్‌కి చూపించాం. మానేయాలన్న షరతేమీ అక్కర్లేదని, డబ్ల్యూహెచ్‌ఓ కూడా అదే చెబుతోందని ఆవిడ అన్నారు, బుప్రెనార్ఫిన్ (మత్తు అలవాటుకి చికిత్సగా ఇచ్చే మందు) ఇచ్చే చోటే ఈ మందులూ ఇచ్చేశారు. సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర, రోజుకొకటి, 12 వారాలు. నిన్నటితో అయిపోయాయి. ఖాళీ డబ్బాలు మూడూ పారేయకుండా మంచం పక్కన వరసగా పెట్టుకున్నాడు.

ఇంకో 12 వారాలకి ఆర్‌ఎన్‌ఏ టెస్టు (రక్తంలో వైరస్ ఉందో లేదో చూసేది) చేస్తేగానీ నయమైందో లేదో తెలియదు. యాంటీబాడీ టెస్టు నయమయ్యాక కూడా పాజిటివ్ చూపిస్తుందట, అది చూసి టెన్షన్ పడొద్దన్నారు. మళ్లీ సోకే ప్రమాదం ఉంటుంది కాబట్టి కొత్త సిరంజిలూ ఇస్తున్నారు. మొదటిచోట పోగొట్టుకున్న ఆరు నెలలు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కడుపు మండిపోతోంది.