మూతపడిన బ్రాంచి లైనును చెత్త రైళ్ల కోసం మళ్లీ తెరవవచ్చా?

పట్టాలబాట:

ప్రయాణికుల రైళ్లు ఎప్పుడో ఆగిపోయి, పట్టాల మధ్య పొదలు పెరిగి, స్టేషను గది పైకప్పు కూలిపోయిన చిన్న బ్రాంచి లైన్లు ఎన్నో దేశాలలో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని బాగుచేసి, నగరాల చెత్తను తరలించడానికి తిరిగి నడపాలని నా అభిప్రాయం. ఈ మాట వినగానే చాలామంది ముక్కు మూసుకుంటారు కాబట్టి నా కారణాలను కొంత వివరంగా రాస్తున్నాను.

చెత్తను పూడ్చే ల్యాండ్‌ఫిల్ గానీ, మండించి విద్యుత్తు తీసే కర్మాగారం గానీ ఇప్పుడు చాలా నగరాలకు పదుల, ఒక్కోసారి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటున్నది. ఒక్కో లారీకి ఇరవై టన్నుల చొప్పున చూసినా వెయ్యి టన్నులకు యాభై లారీలు నిండుగా వెళ్లాలి, ఆ యాభై లారీలూ ఖాళీగా తిరిగి రావాలి. అంత బరువునూ ఒకే గూడ్సు రైలు లాగగలదు. ఉక్కు పట్టా మీద దొర్లే ఉక్కు చక్రానికి ఎదురయ్యే నిరోధం, తారు రోడ్డు మీద రబ్బరు టైరుకు ఎదురయ్యే నిరోధంలో చిన్న భాగం మాత్రమే. అందువల్ల ఒక టన్ను బరువును ఒక కిలోమీటరు మోయడానికి రైలుకు పట్టే ఇంధనం సాధారణంగా లారీకి పట్టేదానిలో మూడో వంతుకు మించదు. రోడ్డు పక్క ఇళ్లలో ఉండేవారి ఊపిరితిత్తులకు, బడికి నడిచి వెళ్లే పిల్లల భద్రతకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

నేను చెప్పేది ఊహ కాదనడానికి న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలాండ్‌ను చూపిస్తాను. అక్కడి ఫ్రెష్ కిల్స్ చెత్త గుట్ట 1948లో మొదలై, ప్రపంచంలోని అతిపెద్ద గుట్టలలో ఒకటిగా పెరిగి, 2001 మార్చిలో మూతపడింది. ఆ ద్వీపంలో గూడ్సు రైళ్లు 1990ల ఆరంభంలోనే ఆగిపోయాయి. చెత్తను బయటికి పంపవలసిన అవసరం ఒక ముఖ్య కారణంగా ఆ పాత మార్గాన్ని పునరుద్ధరించి 2007లో రైళ్లను మళ్లీ నడిపారు. బదిలీ కేంద్రంలో చెత్తను గట్టిగా నొక్కి మూసివున్న కంటెయినర్లలోకి ఎక్కిస్తారు. ఆ రైలు 1959లో కట్టిన ఆర్థర్ కిల్ వంతెన మీదుగా జలసంధి దాటి న్యూజెర్సీలోని ప్రధాన మార్గాన్ని చేరుకుంటుంది. రైల్వే ఉత్సాహవంతులు ఎంత కోరుకున్నా తెరుచుకోని ఆ వంతెనను చివరికి తెరిపించడంలో చెత్తకు పెద్ద పాత్ర ఉంది.

ఊరిపొలిమేర:

పట్టాలబాట గారూ, మీ ఉదాహరణ నిజమే, అయితే మీరు రైలును న్యూజెర్సీ దాకా తీసుకువెళ్లి అక్కడ వదిలేశారు. ఆ చెత్త అక్కడ ఆగలేదు. దక్షిణాన వెయ్యి కిలోమీటర్లు దాటి సౌత్ కరొలైనా రాష్ట్రంలోని ఒక గ్రామీణ ప్రాంతపు ల్యాండ్‌ఫిల్‌కు చేరింది. నగరంలో ఎన్ని లారీలు తగ్గాయో లెక్క వేసినప్పుడు, ఆ చివర దుర్వాసన ఎవరి ఇంటిలోకి వచ్చిందో కూడా అదే లెక్కలో రాయాలి. రైలు దూరాన్ని చవక చేస్తుంది. మీరు దానిని గుణంగా చూస్తున్నారు. నాకు అందులోనే ప్రమాదం కనిపిస్తున్నది. లారీ ఖర్చుకు భయపడి తన చెత్తను తన పరిసరాలలోనే సరిదిద్దుకోవాలని ప్రయత్నించే నగరం, రైలు దొరకగానే తన మాట వినిపించుకోలేని ఒక పేద ఊరిని వెతుక్కుంటుంది.

2018లో అలబామా రాష్ట్రంలోని పారిష్ అనే ఊరికి జరిగినది చూడండి. అది వెయ్యిమంది కూడా లేని ఊరు. న్యూయార్క్, న్యూజెర్సీల మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి వచ్చిన బురద కంటెయినర్లు అక్కడి రైల్వే యార్డులో, పిల్లలు ఆడుకునే మైదానం పక్కనే, దాదాపు రెండు నెలలు నిలిచిపోయాయి. అది ఇంటింటి చెత్త కాదు, శుద్ధి చేయగా మిగిలిన మురుగు బురద అని నాకు తెలుసు. కానీ ఆగిపోయిన తీరు చెత్త రైలుకూ వర్తిస్తుంది. చాలాచోట్ల రైలు నేరుగా ల్యాండ్‌ఫిల్ గేటు దాకా పోదు. ఎక్కడో ఒక చోట కంటెయినర్లను దించి లారీలకు ఎక్కించాలి. అంతకుముందు ఆ పని జరిగిన పొరుగు ఊరు న్యాయస్థానానికి వెళ్లి దానిని ఆపించుకున్నది. దానితో వెనక నుంచి వస్తున్న వ్యాగన్లన్నీ పారిష్ మీద పడ్డాయి. లారీ చెడిపోతే ఇరవై టన్నులు ఆగుతాయి, రైలు ఆగితే ఒక ఊరి గాలి మొత్తం ఆగిపోతుంది.

బ్రాంచి లైను అంటే సాధారణంగా ఒంటి మార్గం. పక్కకు తప్పించే దారి ఉండదు. మీరు పునరుద్ధరించాలంటున్న మార్గంలో వ్యాగన్లు నిలిచిపోతే అవి ఎవరి ఇంటి వెనక నిలుస్తాయో ముందుగా చెప్పగలరా?

ఇరుసుభారం:

నేను చాలాకాలం ట్రాకు నిర్వహణలో పనిచేశాను. ఇద్దరి వాదనలలోనూ బ్రాంచి లైను ఒక గీతలా కనిపిస్తున్నది తప్ప, దాని భౌతిక స్థితి గురించి ఎవరూ మాట్లాడలేదు.

పాత శాఖా మార్గాలు తేలికైన రైళ్ల కోసం వేసినవి. తక్కువ బరువు పట్టాలు, పలచని కంకర, పుచ్చిన కొయ్య స్లీపర్లు, వంద సంవత్సరాల నాటి చిన్న వంతెనలు, తూములు వాటి మీద ఉంటాయి. నొక్కి నింపిన చెత్త కంటెయినర్లు మోసే వ్యాగను ప్రతి ఇరుసు మీదా వేసే భారం అప్పటి రైలుబస్సు (బస్సులాంటి చిన్న ప్రయాణికుల బండి) వేసే భారం కంటే చాలా ఎక్కువ. పొదలు కొట్టి, స్లీపర్లు మార్చి పచ్చజెండా ఊపితే సరిపోదు. ప్రతి వంతెననూ తిరిగి లెక్కించాలి, కొన్నింటిని కొత్తగా కట్టాలి. ఇంజను ఒక చివర నుంచి మరో చివరకు మారడానికి లూపు లైను కావాలి, వ్యాగన్లు నిలపడానికి తగినంత పొడవైన సైడింగు కావాలి. ఊరిపొలిమేర గారి చివరి ప్రశ్నకు నేరుగా సమాధానం ఈ సైడింగులోనే ఉంది: అది ఎంత పొడవు, ఎక్కడ ఉంది అన్నది పటం మీద గీసినప్పుడే, రైలు ఆగితే ఎవరి ఇంటి వెనక ఆగుతుందో తేలిపోతుంది. ఆ పటాన్ని చూపకుండా ప్రజల అభిప్రాయం అడిగేవారిని నమ్మకండి.

రెండవది దూరం. రైలులో పంపే చెత్తను కనీసం రెండుసార్లు అదనంగా ఎక్కించి దించాలి. ఆ ఖర్చు ముప్పై కిలోమీటర్ల ప్రయాణానికీ అంతే, మూడు వందల కిలోమీటర్ల ప్రయాణానికీ అంతే. కనుక తక్కువ దూరాలలో లారీయే గెలుస్తుంది. సియాటిల్ నగరం 1991 నుంచి తన చెత్తను రైలులో పంపుతున్నదంటే, ఆరెగన్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ దగ్గరి ల్యాండ్‌ఫిల్ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. ఇరవై కిలోమీటర్ల శాఖా మార్గానికి తనంతట తానుగా ఈ ఆర్థికం నిలబడదు. అది ప్రధాన మార్గంతో కలిసి పొడవైన ప్రయాణానికి మొదటి మెట్టుగానో చివరి మెట్టుగానో ఉన్నప్పుడే అర్థం ఉంటుంది.

తడి చెత్త సంగతి వేరే చెప్పాలి. అందులోంచి ఊరే మురికి నీరు, అంటే లీచేట్, ఆమ్లగుణంతోనూ లవణాలతోనూ ఉంటుంది. మూత సరిగా పడని ఒక్క కంటెయినరు చాలు, పట్టాలను బిగించే క్లిప్పులు తుప్పుపట్టడానికి, కంకరలోకి బురద దిగడానికి. కంకరలో బురద చేరితే వాననీరు దిగదు, నీరు దిగకపోతే ట్రాకు కుంగుతుంది. ఇది చూడటానికి చిన్న విషయం, కానీ ఐదేళ్ల తరువాత వేగ పరిమితులుగా, పదేళ్ల తరువాత పట్టాలు తప్పిన వ్యాగనుగా బయటపడుతుంది. తడిని మూలంలోనే వేరుచేయని నగరపు చెత్తను నేను నా ట్రాకు మీదకు రానివ్వను.

ఇక, ఇంత చేసినా సరుకు రాకపోవచ్చు. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు పారిశుద్ధ్య జిల్లాలు మెస్కిట్ అనే ఎడారి ప్రదేశంలో రైలు ద్వారా వచ్చే చెత్త కోసమే ఒక భారీ ల్యాండ్‌ఫిల్‌ను సిద్ధం చేశాయి. 2013లో వారి పెద్ద ల్యాండ్‌ఫిల్ పుయెంటే హిల్స్ మూతపడిన తరువాత కూడా అక్కడికి చెత్త రైలు బయలుదేరలేదు. 2008 ఆర్థిక మాంద్యం నుంచి చెత్త తగ్గింది, దగ్గరలోని ఇతర ల్యాండ్‌ఫిల్‌లు చవకగా దొరికాయి.

పట్టాలబాట:

ఇరుసుభారం గారికి కృతజ్ఞతలు. సైడింగు పటం గురించి మీరు చెప్పినది నేను మొదటి టపాలోనే రాయవలసింది. తడి చెత్త విషయంలోనూ మీ షరతును ఒప్పుకుంటున్నాను.

అయితే ఊరిపొలిమేర గారికి ఒక సంఘటన గుర్తుచేయాలి. టొరంటో నగరం తన చెత్తను దాదాపు ఆరు వందల కిలోమీటర్లు ఉత్తరాన కర్క్‌ల్యాండ్ లేక్ దగ్గర పాడుపడిన ఆడమ్స్ ఇనుప గనికి రైలులో పంపాలని చూసింది. ఆ గుంత భూగర్భ జలమట్టం కంటే దిగువకు ఉంది. స్థానికులు, ఆదివాసీ సమాజాలు గట్టిగా వ్యతిరేకించారు. 2000 అక్టోబరులో ఆ ఒప్పందం కూలిపోయింది, 2004లో అక్కడ చెత్త పోయడాన్నే నిషేధిస్తూ ఒంటారియో ప్రభుత్వం చట్టం చేసింది. స్థానికులు గెలవడం న్యాయమేనని నేనూ అంటాను. కానీ ఆ తరువాత ఏం జరిగింది? టొరంటో చెత్త 2010 చివరి వరకు సరిహద్దు దాటి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి లారీలలో వెళ్లింది, ఒక దశలో రోజుకు వందకు పైగా లారీలలో. చెత్త తగ్గలేదు, మరో ఊరికి మళ్లింది, అదీ ఎక్కువ పొగతో. రైలును ఆపినంత మాత్రాన దూరపు ఊరిని కాపాడినట్టు కాదు.

మీరు భయపడుతున్న అన్యాయానికి అసలు విరుగుడు చట్టమే. అమెరికాలో ఒకప్పుడు రైలు పక్కనే చెత్త బదిలీ కేంద్రం పెట్టినవారు, రైల్వేలు కేంద్ర చట్టం కిందికి వస్తాయి కనుక రాష్ట్రాల పర్యావరణ నియమాలు తమకు వర్తించవని వాదించేవారు. 2008లో వచ్చిన స్వచ్ఛ రైలుమార్గాల చట్టం ఆ దారిని మూసింది. అలాంటి కేంద్రాలు ఇప్పుడు మిగిలిన చెత్త కేంద్రాల మాదిరిగానే రాష్ట్ర నియమాలను పాటించాలి. పట్టాలు వేయకముందే ఇటువంటి నియమం ఉండాలని నేను కోరుతున్నాను.

ఊరిపొలిమేర:

టొరంటో లారీల మాట వాస్తవమే, దానిని నేను కాదనను. ఆ నగరం తడి చెత్తను వేరుగా సేకరించడం విస్తరించినది కూడా ఆ లారీల సంవత్సరాలలోనే. దూరం ఖరీదుగా ఉండటం, మిషిగన్ నుంచి వచ్చిన ఒత్తిడి అందుకు తోడ్పడ్డాయని నేను భావిస్తున్నాను. రైలు వచ్చి ఉంటే ఆ తొందర ఉండేదా?

నా అసలు అభ్యంతరం ఒప్పందం మీద. మార్గాన్ని బాగుచేయడానికి పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే, ఏటా ఇన్ని టన్నులు తప్పక ఇస్తామని, ఇవ్వకపోయినా రుసుము చెల్లిస్తామని నగరం ఇరవై, ముప్పై ఏళ్లకు సంతకం చేయవలసి వస్తుంది. ఆ సంతకం పడిన రోజు నుంచి, చెత్తను తగ్గించే ప్రతి ప్రయత్నమూ నగరపాలికకు నష్టంగా కనిపిస్తుంది. ఇళ్లలో వేరుచేయమని చెప్పే అధికారే టన్నులు తగ్గాయని సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

ఇరుసుభారం:

అందుకే ఆ మార్గం చెత్త ఒక్కదాని మీద బతకకూడదు. ఇంగ్లండులో కాల్వర్ట్ దగ్గర, ఇటుకల కోసం మట్టి తవ్విన గుంతలకు లండన్ చెత్త రైళ్లు దశాబ్దాలపాటు నడిచాయి. 1960లలో ప్రయాణికుల సేవలు పోయిన ఆ ప్రాంతంలో పట్టాలు మిగలడానికి అవి తోడ్పడ్డాయి. అలా పట్టాలను నిలిపి ఉంచడం వరకు చెత్త పనికివస్తుంది. కానీ ధాన్యం, కంకర, సిమెంటు, ఎరువులు, వీలైతే రోజుకు రెండు ప్రయాణికుల బండ్లు కూడా ఖర్చును పంచుకుంటేనే, కనీస టన్నుల షరతు లేకుండా ఒప్పందం రాయడం సాధ్యమవుతుంది. అలాంటి సరుకు ఆ మార్గం చుట్టూ లేకపోతే, నేను పునరుద్ధరణ వద్దనే రాసి ఇస్తాను.

ఊరిపొలిమేర:

ఆ షరతు మీద నాకు అభ్యంతరం లేదు. దానికి ఒకటి చేర్చండి: దించే చోట ఉన్న ఊరికి రైలును ఆపే హక్కు ఒప్పందంలోనే ఉండాలి, కంటెయినరు ఇన్ని గంటలకు మించి సైడింగులో నిలిస్తే పంపిన నగరమే తన ఖర్చుతో దానిని వెనక్కు తీసుకుపోవాలి.

పట్టాలబాట:

ఒప్పుకుంటున్నాను. ఆ గంటల సంఖ్య ఎంత ఉండాలన్నది ఇరుసుభారం గారు చెబితే, ప్రతిపాదనను ఆ మేరకు తిరిగి రాసి ఇక్కడ పెడతాను.